లింబాద్రికి తెలియని పోటు

రాస్ అల్ ఖైమాలో ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున, ఖల్ఫాన్ అర్బాబు అనే అరబ్బు యజమాని తోటలో లింబాద్రి పదకొండేళ్లు పనిచేశాడు. ఆ తోటలోకి అతను ఎలా వచ్చాడని అడిగితే సిఫారసు ఎవరు చేశారో చెప్పడానికి లేదు. ఇసుకలో పడుకుని వచ్చాడు, అంతే.

అతనిది ధర్మపురికి ఎగువన గోదావరి ఒడ్డు పల్లె. తండ్రి భీమయ్య చలికాలమంతా బాతుల వేటలోనే ఉండేవాడు. నీళ్లు తగ్గి ఏటి నడుమ ఇసుక దిబ్బలు తేలగానే, తల మీద నల్లచారలున్న పెద్ద బాతులు ఎక్కడెక్కడినుంచో వచ్చి వాటి మీద వాలేవి. ఆ దిబ్బల మీద గడ్డిపోచ ఉండదు, రాయి ఉండదు. ఒడ్డున మనిషి తుమ్మినా బాతులకు తెలిసిపోతుంది. అలాంటి బట్టబయలులో భీమయ్య మాయమైపోయేవాడు. అందరూ మంత్రమనుకునేవారు గానీ అందులో ఉన్నదంతా ఓపికే. పైన ఎండిన ఇసుక పొరను ముందు విడిగా తీసి పెట్టుకోవాలి. కింది తడి ఇసుకను దూరంగా చల్లెయ్యాలి. మనిషి పట్టేంత గుంటలో గాలికి వీపు పెట్టి, కాళ్ల మీద ఇసుక కప్పుకుని, బురద పూసిన గోనెసంచి మీదికి లాక్కుని, దాని మీద మళ్లీ ఆ ఎండుపొర చల్లుకోవాలి. ఆ తర్వాత కనుగుడ్డు కూడా తిప్పకూడదు. ఇదంతా లింబాద్రికి పదేళ్లు నిండకముందే వచ్చేసింది.

డెబ్బై ఎనిమిదిలో మాత్రం అతను పడుకునేది ఇసుకలో కాదు, రాతిపొడిలో. అర్బాబు అతనికి కఫీల్, వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని. అర్బాబు మనుషులు కొండ దగ్గర క్వారీలో రాయి కొట్టేవారు. రెండేళ్లకే లింబాద్రికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదది, మొదలైతే మనిషిని నడుముకాడికి వంచేసేది. తెల్లటి పొడి ఉమ్మేవాడు. కొండ మీద ఇంకో ఏడాది ఉంటే తన పని అయిపోతుందని అతనికి తెలుసు. అర్బాబు తోటలో నీళ్లు పెట్టే మనిషి దేశానికి వెళ్లిపోయి నెలయింది. ఆ చోటు మీదే లింబాద్రి కన్ను. అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు.

ఒక శుక్రవారం తోట గోడకు రాయి దింపడానికి డ్రైవరు సనావుల్లాతో వచ్చాడు. సనావుల్లాది జగిత్యాల. నోట్లో ఉర్దూ, తెలుగు, అరబ్బీ మూడూ కలిసి నానుతుంటాయి. ఆ రోజు అర్బాబు గుమ్మంలో కూర్చుని తుపాకిని ఒళ్లో పెట్టుకుని అలిగిన పిల్లాడిలా ఉన్నాడు. ఖోర్ నడుమ ఇసుక తిన్నె మీద ఏడు అడవి బాతులు దిగాయట. మూడు రోజులుగా వెళ్తున్నాడట. ఆయన ఇంకా చెప్పులు విడవకముందే అవి లేచిపోతున్నాయట.

లింబాద్రికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే దగ్గు కూడా తోడొచ్చింది.

"క్యోం హస్తా?" అన్నాడు అర్బాబు.

"సనావుల్లన్నా, నువ్వు జెప్పు. మనిషి నడుసుకుంట పోతే బాతు కూసుంటదా? నేను పండుకుంటే నా పక్కపొంటి నడుస్తయి."

"అరె భాయ్, ఊకో. కోతలు కొయ్యకు. ముసలాయన అసలే గరమ్ మీదున్నడు."

"కోతలు కాదే. మా బాపు తోడు."

సనావుల్లా విన్నది విన్నట్టు చెప్పాడు. అర్బాబు లింబాద్రిని కిందికీ మీదికీ చూశాడు. తర్వాత ఆయన అరబ్బీ సగం, హిందీ సగం కలిపి చెప్పిన మాట ఇది: రేపు నువ్వొక్కడివే పడుకో, తుపాకి వద్దు. నేను ఒడ్డు మీద బండిలోంచి దూరదర్శినితో చూస్తాను. బాతులు రాయి విసిరితే తగిలేంత దగ్గరికి వచ్చి, నేను నా తలగుడ్డ తీసి ఊపేదాకా అక్కడే ఉంటే, తోట పని నీది. ఆలోగా లేచిపోయాయా, ఖలాస్, కొండకే.

తోట పని అడగడానికి రాని నోరు ఇప్పుడు పలికింది. "అచ్ఛా, అర్బాబ్!"

ఆ రాత్రికి తోటలోనే ఉండిపోయాడు. ఆ ఇంట్లో వంట చేసేది గంగాభవాని. యానాం దిగువన సముద్రపు పాయ ఒడ్డున పుట్టిన మనిషి. అన్నం పెడుతూనే ఆరా అంతా తీసింది. ఎక్కడ పడుకుంటావు, ఎన్నింటికి లేస్తావు, గోనెసంచి ఎవరిచ్చారు, దగ్గొస్తే ఏం చేస్తావు? కరక్కాయ ముక్క తెచ్చి, బుగ్గన పెట్టుకోమని చేతిలో పెట్టింది.

"సెప్తన్నాను ఇనుకో తమ్ముడూ. పదింటికల్లా పోటొచ్చేత్తాది. ఆపాటికి లెగిసొచ్చెయ్యి."

"ఏం గాదక్కా. తువ్వాల తడిపి తలకు గట్టుకుంట."

తువ్వాలేమిటో గంగాభవానికి అర్థం కాలేదు. ఈదడానికి వీలుగా కట్టుకుంటాడేమో అనుకుని ఊరుకుంది. లింబాద్రి మనసులో ఉన్నది వేరు. పొద్దెక్కితే ఎండకు తల పోటు పెడుతుందని అక్క చెప్తోంది, ఎంత ప్రేమ గల మనిషి అనుకున్నాడు. అతని ఊళ్లో గోదావరికి వరదొస్తే పది రోజులుంటుంది, తగ్గితే ఎండాకాలం దాకా తగ్గే ఉంటుంది. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండే నీళ్లను అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

తెలతెలవారుతుండగా మోకాలి లోతు నీళ్లలో తిన్నె మీదికి వెళ్లాడు. ఇసుక కొంచెం ఎక్కువ తడిగా ఉంది. మంచనుకున్నాడు. తండ్రి చెప్పిన వరసలోనే గుంట తీసి, నడుము దాకా ఇసుక కప్పుకుని, తడి తువ్వాలు తలకు చుట్టి, గోనె లాక్కున్నాడు. కరక్కాయ బుగ్గన పెట్టాడు.

ఎండ పడ్డాక బాతులు వచ్చాయి. ఒక చుట్టు, రెండు చుట్లు తిరిగి అరవై అడుగుల దూరంలో దిగాయి. ఒడ్డు మీద అర్బాబు బండి ఎక్కి నిలబడ్డాడు. లింబాద్రికి గొంతులో దురద మొదలైంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా కరక్కాయ రసం మింగుతూ బిగబట్టాడు.

కాసేపటికి వీపు కింద చల్లగా తగిలింది. చెలిమె ఊరుతోందిలే అనుకున్నాడు. ఇసుకలో గుంట తీస్తే నీళ్లు ఊరడం అతనికి కొత్త కాదు. ఊళ్లో అలా ఊరిన నీళ్లే తాగి పెరిగాడు.

బాతులు అతని వైపే నడిచి వస్తున్నాయి. యాభై అడుగులు, ముప్పై, పది. లింబాద్రి గుండె ఉప్పొంగింది. బాపు కూడా ఇంత దగ్గరికి ఎన్నడూ రప్పించలేదు! అన్నిటికన్నా ముందు నడిచే ముసలి బాతు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. దాని నారింజరంగు ముక్కు మీద ఇసుక రేణువులు కనిపిస్తున్నాయి. ఎడమ కాలికి నడిమి గోరు లేదు.

ఒడ్డున అర్బాబు గెంతుతున్నాడు. తలగుడ్డ మాత్రం తియ్యలేదు.

నీళ్లు పక్కటెముకల దాకా వచ్చాయి. చెలిమె ఇంత తొందరగా ఊరదే అని అప్పుడు అనుమానం తగిలింది. చిన్న అల ఒకటి వచ్చి పెదవికి తాకింది. ఉప్పు. కనుగుడ్డు కదపకూడదన్న మాట మరిచి పక్కకు చూశాడు. తిన్నె ఏదీ? పొద్దున పొలమంత ఉన్నది ఇప్పుడు మంచమంత ఉంది. బాతులు అతని కోసం రాలేదు. తడవకుండా మిగిలిన చోటు అతను పడుకున్నదొక్కటే.

ఒడ్డు మీద గంగాభవాని గరిటె పట్టుకుని పరుగెత్తుకొస్తోంది.

"ఓరి తమ్ముడో! పోటు! పోటొచ్చేసింది, లెగు!"

ఇప్పుడు నా తలనొప్పి సంగతి ఎందుకు ఈమెకు, అనుకున్నాడు లింబాద్రి. లేస్తే కొండ. లేవకపోతే నీళ్లు. కొండ మీద దగ్గి దగ్గి పోవడం కన్నా ఇక్కడ ఇంకాసేపు ఆగితే నయం, అర్బాబు తలగుడ్డ తీస్తాడు, తీస్తాడు. గడ్డం మునిగింది. కాళ్లు లాగబోతే తడిసిన ఇసుక సున్నంలా బిగిసింది. మరో అల ముక్కులోకి వెళ్లింది. అంతసేపూ దాచుకున్న దగ్గంతా ఒక్కసారి పేలింది.

ఏడు బాతులూ ఒక్క రెక్కల చప్పుడుతో లేచిపోయాయి.

పెనుగులాడి కాళ్లు ఊడబెరుక్కుని, పొద్దున నడిచి వచ్చిన చోట ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. చేరగానే చేసిన మొదటి పని ఊపిరి పీల్చుకోవడం కాదు, అర్బాబు ముందు చేతులు జోడించడం.

"దగ్గొచ్చింది అర్బాబ్. ఇంకొక్కసారి పండుకుంట. రేపు దగ్గనే దగ్గ."

గంగాభవాని మధ్యలో దూరింది. "రేపా? ఇయ్యాళే పోయేవోడివి! పోటొత్తాదని సెప్పలేదేటి నీకు?"

"తలపోటనుకున్ననక్కా! తువ్వాల గట్టుకున్న గదా!"

ఆమె అతని తల మీది తువ్వాలును చూసి, గరిటెతో తన నుదురే కొట్టుకుంది. సనావుల్లా బండి చక్రానికి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. "అరె, సముద్రం పెరుగుతదని ఎరుక లేదంట ఈయనకు! దరియా రోజూ ఊరకనే ఉంటదనుకున్నడట!"

గంగాభవాని అర్బాబు వైపు తిరిగింది. ఆ ఇంట్లో ఆయనను కసిరే ధైర్యం ఆమెకొక్కదానికే ఉంది. "మీరో? గొట్టం కంటికెట్టుకుని పిట్టల్ని సూసుకుంటన్నారు గానీ మడిసి ములిగిపోతంటే కనబళ్లేదా? ఆ తలగుడ్డ ఊపితే అరిగిపోతాదా?"

తెలుగు తెలియకపోయినా అర్బాబుకు తలగుడ్డ మాట అర్థమైంది, ఆమె వేలితో చూపించింది కదా. ఆయన చెయ్యి నెమ్మదిగా తన తల మీదికి వెళ్లింది. అక్కడే ఉంది అది, చెక్కుచెదరకుండా. బాతుల్ని చూస్తూ దాని సంగతే మరిచిపోయాడు. ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ఖోర్ వైపు తిరిగి, సనావుల్లా చేత లింబాద్రిని అడిగించాడు. ముందు నడిచిన పెద్ద బాతు ఎంత దగ్గరికి వచ్చింది?

"ఇగో, గింత" అని మూర చూపించాడు లింబాద్రి. "దాని ఎడమకాలికి నడిమి గోరు లేదు."

అర్బాబు నాలుగు రోజులుగా ఆ దూరదర్శినితో చూస్తున్నాడు. గోరు కాదు కదా, కాళ్ల రంగు కూడా ఆయనకు కనిపించలేదు. సనావుల్లా చెప్పిన మాటను రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. తర్వాత తలగుడ్డ తీసి లింబాద్రి తడి భుజాల మీద కప్పాడు.

"యల్లా. నీ పెట్టె తెచ్చుకో" అన్నాడు.

ఆ చలికాలం వాళ్లిద్దరూ పక్కపక్కన రెండు గుంటల్లో పడుకునేవారు. నీళ్ల వేళలు గంగాభవాని చెప్పేది, ఈసారి సమయం ఎంతో, నీళ్లు ఎంత లోతో కూడా కలిపి. అర్బాబు ఒక్క బాతును కూడా కొట్టలేదు. గుంటలో పడుకుంటే ఆయనకు మాటలాడబుద్ధయ్యేది, గుసగుసగా ఏదో ఒకటి అడిగేవాడు, బాతులు లేచిపోయేవి. అలా లేచిపోయినందుకు లింబాద్రిని ఎన్నడూ ఒక మాట అనలేదు. ఐదేళ్లకు ఆ వేటే వద్దని చట్టం వచ్చింది. అయినా ముసలాయన తుపాకి లేకుండా వచ్చి గుంటలో పడుకునేవాడు.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మర్నాడు, ఆదివారం తెల్లవారగానే, కొండకు పోయే లారీ అతన్ని ఎక్కించుకోవడానికి తోట ముందు ఆగి హారన్ కొట్టింది. మడిలో చీలమండల దాకా నీళ్లలో నిలబడి ఉన్న లింబాద్రి విన్నాడు. లారీ మళ్లీ కొట్టింది. అతను మట్టిపెళ్ల ఒకటి తీసి మడికి గండి కొట్టాడు. నీళ్లు పక్క మడిలోకి మళ్లాయి. లారీ వెళ్లిపోయింది.