పాచి పట్టని పొర

మా కెమిస్ట్రీ సారు పోయారు. కృష్ణగిరిలో బస్సు మారి బర్గూరు కాలేజీకి వస్తూ, కిటికీ పక్కన కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. నిద్రపోతున్నారనుకుని కండక్టరు భుజం తట్టాడట. "కాళ్ల సందున నీళ్ల క్యాను అట్లే ఉండాదమ్మా, ఒక్క బొట్టు ఒలకలేదు" అని ల్యాబ్ అటెండరు ఫోన్లో ఏడ్చాడు. హోసూరు మూకండపల్లిలో, నేను పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి విన్నాను. తర్వాత లోపలికి పోయి మధ్యాహ్నం దాకా పని చేశాను. ఎలా చేశానో తెలియదు.

ఆ క్యాను సంగతి మీకు చెప్పాలి. సారు వారానికొకసారి తన ఊరు గురుబరపల్లి నుంచి బోరు నీళ్లు మోసుకొచ్చి మా ల్యాబులో గాజు తొట్టిలో పోసేవారు. "ఏం సారూ, బర్గూరులో తణ్ణీ లేదా?" అని కండక్టర్లు అరవం కలిపి ఎగతాళి చేసేవారు.

"ఉండాదప్పా. మా ఊరి రోగం దాంట్లో లేదు" అనేవారు సారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి తాగి ఆయన పళ్లు చారలు పట్టాయి, వాళ్లమ్మ నడుము వంగిపోయింది. ఎవరో పుణ్యాత్ములు ఊళ్లో ఫిల్టరు పెట్టించారు. నీళ్లను వడకట్టే పల్చటి పొర మీద క్రిములు కాపురం పెట్టి జిగురు పాచి కట్టాయి. నీళ్లు దిగడం మానేశాయి. కొత్త పొర వేసే నాథుడు లేక ఆ గదికి తాళం పడింది. జనం మళ్లీ బోరు దగ్గరికే పోయారు.

ఆ తాళం తీయించాలని సారు పట్టుదల. వెండిని కంటికి ఆననంత సన్నటి రేణువులుగా చేసి పొర మీద పూస్తే క్రిములు నిలవలేవని, పాచి పట్టదని ఆయన నమ్మకం. నానో వెండి గురించి పెద్ద ఊళ్లలో గొప్పగా చెప్పుకుంటున్న రోజులవి. మాకు చాలినన్ని బీకర్లు కూడా ఉండేవి కావు. అయినా పూత పూసిన ముక్కలు కొన్ని, పూయనివి కొన్ని దారాలతో కట్టి తొట్టిలో వేలాడదీశారు. "పాచి పట్టినాక కడిగేది పాచిపని. పట్టకుండా చూసేది మన పని" అనేవారు.

ఎనిమిది నెలలు నానాయి. ఆయుధపూజ సెలవులయ్యాక తీసి చూద్దామన్నారు. నేను ఎమ్మెస్సీలో చేరి అప్పటికి నాలుగు నెలలు. మా వైపు ఆయుధపూజంటే లారీ మొదలు తిరగలి దాకా కడగని వస్తువుండదు. ల్యాబంతా తళతళలాడుతుంటే ఆ తొట్టి ఒక్కటే పచ్చగా కంపు కొడుతోంది. తొట్టిలో నీళ్లు పారబోయవద్దన్నారు సారు, పారబోయలేదు. ముక్కలు కడగవద్దని ఎవరూ అనలేదు. ఒక్కొక్కటీ సబ్బు పెట్టి తోమి, వరుస తప్పకుండా మళ్లీ కట్టి, తొట్టికి గంధం, కుంకుమ కూడా పెట్టాను. అదీ నా తెలివి! పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

సెలవులయ్యాక సారు ఒక ముక్క తీసి వెలుతురుకు పట్టుకున్నారు. ఇంకొకటి తీశారు.

"ఎవరు కడిగినారమ్మా?"

"నేనే సార్. పూజకు..."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. "బాగా కడిగినావు. పాచి దేనికి పట్టిందో, దేనికి పట్టలేదో దేవుడికి కూడా తెలీదు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. "మళ్లా నీళ్లు తెస్తాలే" అని లేచి వెళ్లిపోయారు.

రెండోసారి అదే రకం పొర దొరకలేదు. వేరే దాని మీద పూశాం. మూడు నెలలకే వెండి నీళ్లలో కొట్టుకుపోయి, అన్ని ముక్కలకూ సమానంగా పాచి పట్టింది. ఫలితం కొంచెం నయంగా రాద్దామన్నాను. "నీళ్ల గురించి అబద్ధం రాస్తే తాగేవాడి నోట్లో పోసినట్టే గదమ్మా" అని, నాచేతే "నిలవలేదు" అని రాయించారు. మొదటి పూత నిలిచిందో లేదో మాత్రం నా సబ్బు నురగతోనే పోయింది. ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు. హోసూరులో నాకు ఉద్యోగం కోసం ఉత్తరం రాసిస్తూ "చేతి శుభ్రం గల పిల్ల" అని రాశారు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఆయన నా మీద కోపం పెట్టుకోలేదు. అది తలుచుకుంటేనే నాకు సిగ్గుతో తల వాలిపోతుంది.

గురుబరపల్లి చేరేసరికి సారును శ్మశానానికి తీసుకుపోయారు. వాళ్లమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. "హోసూరు పాపవా నువ్వు?" అంది. "మూడోసారి తొట్టిలో వేసిండాడంట గదమ్మా ఆ పొర. ఇంక దాన్ని ఎవరు చూసేది?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను.

పొద్దుటి నుంచి ఆమె పచ్చి గంగ ముట్టలేదట. పక్కింటామె బోరు నీళ్లు చెంబుతో తెచ్చింది. నా సంచిలో ఫ్యాక్టరీ ఫిల్టరు నీళ్ల బాటిలుంది. గబగబా తీసి, "ఇవి తాగండమ్మా" అన్నాను.

"వాడి నోట్లో ఈ నీళ్లే పోసినాను. నాకు వేరేవి యాడివి?" అని ఆమె చెంబెత్తింది. గుక్కగుక్కకూ మెడ నరాలు కదులుతున్నాయి. చెంబు ఖాళీ అయ్యేదాకా బాటిలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.