కానుకల సంచిలో ఇత్తడి బిళ్ళ

దైవాశీర్వాదం గారి చేతికి ఏ వస్తువు వచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా ఆయనకు అన్నం సహించదు. మనుషుల విషయంలోనూ అంతే. ఒకసారి టర్న్‌పైక్ హైవే మీద స్పీడుగా వెళుతున్నారని పోలీసు ఆపితే, లైసెన్సు ఇస్తూ "మీ తాతగారిది ఏ ఊరు?" అని అడిగారు. అర్ధగంటలో ఆ తాతగారి ఊరు, ఆయన ఎక్కి వచ్చిన ఓడ, ఓడలో పోయిన పెట్టె, అన్నీ తేలాయి. జరిమానా టికెట్ మాత్రం ఇచ్చాడు.

"పెళ్లిచూపుల్లో నన్ను ఒక్క మాట అడగలేదు. మా గోడగడియారం ఎక్కడ కొన్నారని మా నాన్నగారిని గంటసేపు అడిగారు," అనేవారు వాళ్లావిడ ప్రేమజ్యోతి గారు.

అలాంటి మనిషి పక్కన కూర్చుని నేను తప్పు చేశాను.

1979 జనవరి. జెర్సీ సిటీలో మా తెలుగు ప్రార్థన కూడిక ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. నాకు ఉద్యోగం పోయి రెండు నెలలైంది. కానుకల సంచి వరస వెంట వస్తోంది. మన సంచి సంగతి తెలుసుగా, ఎవరేం వేశారో కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. నా దగ్గర ఇంటికి వెళ్లే బస్సు ఛార్జీ తప్ప ఏమీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఓవర్‌కోటు జేబు అడుగున ఇత్తడి బిళ్ళ ఒకటి తగిలింది. వేసేశాను. బాగానే మోగింది.

ఆరాధన అయ్యాక కోశాధికారి సుందర్ రాజ్ సంచి బోర్లించాడు. "ఇదెవరు వేశారు? దేవుడి దగ్గరే మోసమా? వచ్చే ఆదివారానికి మనిషి తేలాలి. అందరి ముందూ నిలబెడతాను," అన్నాడు.

అక్కడున్న ఇరవై ముగ్గురే అమెరికాలో నాకున్న చుట్టాలు. వాళ్ల ముందు తలవంచుకుని నిలబడితే మళ్లీ ఆ మెట్లు దిగగలనా?

దైవాశీర్వాదం గారు బిళ్ళను జేబురుమాలుతో తుడిచి కళ్లజోడు ఎత్తి చదివారు. "ఒక బ్రెడ్డుకు చెల్లును, హోర్వాట్ బేకరీ అని ఉంది. బ్రదర్, ఇది ఎక్కడ పుట్టిందో తేలకుండా ఎవరు వేశారని అడగడం పద్ధతి కాదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"పరిశోధన కదా, చెప్పలేం." తర్వాత నా వైపు తిరిగారు. "ఉదయ్, నీకు శనివారాలు ఖాళీయేగా? నాకు అసిస్టెంట్ కావాలి."

అలా నా నేరాన్ని నేనే పట్టుకోవలసి వచ్చింది.

ప్రతి శనివారం వాళ్లింట్లో ఉప్మా తినడం, లైబ్రరీకి పోయి పాత డైరెక్టరీలు తిరగేయడం. మధ్యాహ్నం ఫోన్ బుక్‌లో ఉన్న హోర్వాట్‌లందరికీ వరసగా ఫోన్లు. "సర్, మీ తాతగారి విషయమై మాట్లాడాలి," అనేవారాయన గంభీరంగా. ఒకాయన ఆస్తి కలిసొస్తుందనుకుని నెవార్క్ నుంచి కార్ డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశాడు. పాపం, ఉప్మా పెట్టి పంపించాం.

"క్లూ దొరికింది," అని ఆయన అన్నప్పుడల్లా నేను తలుపు వైపు చూసేవాణ్ణి.

"వదిలేద్దామండీ, చిన్న బిళ్ళే కదా," అన్నాను ఒకసారి.

"చిన్నదైతే మాత్రం, దానికి ఊరుండదా?"

ఆదివారం ప్రకటనల సమయంలో ఆయన రిపోర్టు చదివేవారు. మొదట్లో పది నిమిషాలు. ఈస్టర్ నాటికి ఇరవై అయింది. ఆయన లేవగానే తల్లులు పిల్లలకి కోట్లు తొడిగేవాళ్లు. "బ్రదర్, ఆ సంగతి ఇక చాలిద్దాం," అని సుందర్ రాజే బతిమాలాడు. "మధ్యలో ఎలా ఆపుతాం?" అన్నారు ఈయన.

మేలో నాకు ఉద్యోగం దొరికింది. శనివారాలు మాత్రం ఆయనవే.

సెప్టెంబర్‌లో పక్క ఊరు బేయోన్‌లో ఆ బేకరీ హోర్వాట్ గారి కూతురు దొరికింది. డెబ్భై దాటిన ఆవిడ. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మా నాన్న చేయించినవే. కొందరు కొనుక్కునేవాళ్లు. పనులు పోయినవాళ్లకి ఊరికే ఇచ్చేవాడు. అందరివీ ఒకే రకం బిళ్ళలు. కౌంటర్ దగ్గర ఎవరు కొన్నారో, ఎవరికి ఊరికే ఇచ్చారో పక్కవాళ్లకి తెలిసేది కాదు," అంది.

దైవాశీర్వాదం గారు శ్రద్ధగా రాసుకుని, "ఇత్తడి ఎక్కడినుంచి తెప్పించేవారు?" అని అడిగారు.

తిరిగి వస్తుంటే కార్‌లో ఇక ఉండబట్టలేకపోయాను. "అది వేసింది నేనేనండీ."

"తెలుసు. సంచి నీ చేతిలోంచేగా నా చేతికొచ్చింది. నీ మొహం చూశాను," అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మరి తొమ్మిది నెలలు..."

"సుందర్ రాజ్ వారంలో మనిషి తేలాలన్నాడు. జనం విసిగిపోతేగాని ఆ మాట మర్చిపోరు. విసిగించడం నాకు బాగా వచ్చుగా."

"అయితే ఈ పరిశోధనంతా నా కోసమేనా?"

ఆయనకు కోపం వచ్చింది. "ఎంత మాట. వేసింది నువ్వని తెలుసు. బిళ్ళ ఎక్కడిదో తెలియదు. తెలియనిదాన్ని వెతుకుతారు గాని తెలిసినదాన్ని వెతుకుతారటయ్యా?"

మర్నాడు ఆయన నలభై నిమిషాలు రిపోర్టు చదివారు. చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగితే సుందర్ రాజ్ అందరికంటే ముందు, ఏమీ లేవన్నాడు. నేను మొదటి వరసలో కూర్చుని ఒక్క ముక్క వదలకుండా విన్నాను.