నెమరు ముగిసేదాకా

ముద్దనూరు దగ్గర ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. మంద నెమరు వేస్తున్నంతసేపూ కర్ర నేలమీద పెట్టి తానూ కూర్చునేవాడు. ఎవరు పిలిచినా లేచేవాడు కాదు.

పశువులకు టీకాలు వేసే ఉద్యోగం నాది. ఆ మంగళవారం ప్రొద్దుటూరులో ఐదింటికి బయలుదేరి, పులివెందుల వైపు రెండు ఊళ్లు ముగించి, ఆయనను చేరేసరికి పన్నెండూ ఇరవై. ఆయన గొర్రెలు నూట పద్నాలుగు ఇంకా మిగిలాయి. టీకా మందు పెట్టెలో ఐసు కరుగుతోంది. మందు వేడెక్కితే పారబోయవలసిందే.

"మందను లేపు పెద్దాయనా, ఆలస్యమైంది" అన్నాను.

"నెమరేస్తాండాయప్పా. మేసేది సగం పనే. కూర్చోని నమిలితేనే ఒంటికి పట్టేది." పెట్టె మీద తడి గోనె కప్పి తుమ్మచెట్టు నీడలోకి జరిపాడు. "అయినా నువ్వు ఎప్పుడు కూర్చుంటివి?"

విసుగ్గా కూర్చున్నాను. తుమ్మపూలు మోకాళ్ల మీద రాలాయి. చుట్టూ గొర్రెల దవడల చప్పుడు. చాలా కాలానికి నా ఊపిరి నాకు వినబడింది.

పద్దెనిమిది నిమిషాలకు గొర్రెలు వాటంతటవే లేచాయి. మందు చల్లగానే ఉంది.

ఇంటికి వచ్చి ఆయన ప్రశ్నకు జవాబు కోసం డైరీ తిరగేశాను. బయలుదేరిన వేళలు, చేరిన వేళలు ఉన్నాయి. కూర్చున్నట్టు ఎక్కడా లేదు. ఆ మంగళవారం పేజీలో 'పద్దెనిమిది నిమిషాలు కూర్చున్నాను' అని రాశాను. ఇప్పటికీ ఆ మాట రాయగలిగే రోజులు తక్కువే.