పిన్నికి ఎలా ఉందని అడిగి గెలిచిన ఆట

టైం అయిపోయి ఓడిపోతే ఓడిపోయినట్టే. ఈ విషయంలో నాకు ఏనాడూ అనుమానం లేదు. "బోర్డు మీద గెలిచే స్థితిలో ఉన్నవాణ్ణి గడియారం చూపించి ఓడించడం ఏం గెలుపండీ" అని మా ఆఫీసులో ఒకాయన వాదానికి దిగేవాడు. పరీక్షలో మూడు గంటలు కాగానే పేపరు లాక్కుంటారు, మిగతా జవాబులు కూడా వీడికి వచ్చు పాపం అని ఎవరైనా మార్కులు వేస్తారా అని అడిగేవాణ్ణి. ఆయన టీ తాగడానికి వెళ్లిపోయేవాడు.

నాకు చదరంగం నేర్పింది మా బాబాయి. కొవ్వూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పదేళ్లప్పటి నుంచీ ఆయనతో ఆడుతున్నాను. ముప్ఫై దాటినా ఒక్కసారీ గెలవలేదు, డ్రా కూడా చేయలేదు. ఆయన్ని ఒక్క ఆటలో ఓడించాలన్నదే అప్పట్లో నా పెద్ద కోరిక. ప్రమోషన్ కూడా దాని తర్వాతే.

ప్రతి ఆదివారం ఆయన రైల్లో వంతెన దాటి రాజమండ్రిలోని మా ఇంటికి వచ్చేవారు. పిన్ని బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడంతో ఆ రాకలు ఆగిపోయాయి. ఆవిణ్ణి వదిలి ఆయన గడప దాటడానికి లేదు. పొద్దు పోతుందని వాళ్ల అల్లుడు ఆ ఇంట్లో కంప్యూటర్ పెట్టించాడు. అక్కడ ఆయన, ఇక్కడ మా వీధి చివర నెట్ సెంటర్లో నేను, చెరి పది నిమిషాల ఆట. నెట్ కలిపితే వాళ్ల ఫోను పనిచేసేది కాదు. అందుకని పలకరింపులు కూడా బోర్డు పక్కనుండే చాట్‌లోనే.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. బాబాయి నాకు దొరికింది ఆ చాట్‌లోనే. మా వైపు, పలకరిస్తే బదులు చెప్పకపోవడం పొగరు కింద లెక్క. "టిఫిన్ అయిందా బాబాయ్ గారూ" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే చాలు, ఆయన వేయబోయే ఎత్తు ఆపేసి, "అయింది నాన్నా. పెసరట్టు వేశాను. మీ ఇంట్లో ఏం చేశారు?" అని ఒంటి వేలితో, ఫుల్‌స్టాపులతో సహా కొట్టేవారు. అక్షరం తప్పుపడితే వెనక్కి వచ్చి దిద్దేవారు. అంతసేపూ నడిచేది ఆయన గడియారమే. అయినా మొదటి మూడు ఆదివారాలు నన్ను చిత్తు చేశారు. ఆ మర్యాద ఎంత టైం తింటోందో మాత్రం నేను కనిపెట్టేశాను.

నాలుగో ఆదివారం నా పని అయిపోయింది. ఏనుగు పోయింది, రాజు మూలలో ఇరుక్కున్నాడు, ఆయన మంత్రి ఒక్క గడి జరిగితే ఆటకట్టు. ఎత్తు ఆయనది. ఆయన గడియారంలో ఇంకా నలభై సెకన్లున్నాయి. ఆ ఎత్తు ఆయనకు కనబడకుండా ఉండదు. నేను గబగబా కొట్టాను: "పిన్నికి ఎలా ఉంది?"

మంత్రి కదల్లేదు. ముప్ఫై, ఇరవై, పది. సున్నా పడింది, నేను గెలిచానని తెర మీద వచ్చింది. ఆ వెనకే ఆయన జవాబు నాలుగైదు లైన్లు వచ్చి పడింది. దాన్ని చదివే ఓపిక నాకెక్కడిది? కంప్యూటర్ కట్టేసి, నెట్ సెంటర్ ఆయనకు, దారిలో కిళ్లీకొట్టు ఆయనకు, ఇంట్లో మా ఆవిడకు చెప్పేశాను. ఇరవయ్యేళ్ల కోరిక తీరింది మరి.

అంతలో ఫోను మోగింది. బాబాయే. రూలంటే రూలేనని చెప్పడానికి సిద్ధపడి ఎత్తాను.

"ఆట పోయిందిరా. టైం చూసుకోలేదు, తప్పు నాదే," అన్నారు. గొంతులో ఏ బాధా లేదు. "పోతే పోయిందిలే. వచ్చినవాళ్లందరూ ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి అని నన్నడిగి వెళ్లిపోతున్నారు. నువ్వు అంత ఆట మధ్యలో కూడా ఆవిడకెలా ఉందని అడిగావు. మీ పిన్నికి చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంది."

మళ్లీ ఆయనే అందుకున్నారు.

"ఇంతకీ నేను రాసింది చూశావుగా. ఏం చేయమంటావు?"

టైం మీద గెలవడం న్యాయమేనని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. ఆ రోజు నేను గెలిచింది టైం మీద కాదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అబద్ధం ఆడదామంటే ఆయన ఏం అడిగారో కూడా నాకు తెలియదు.

"చదవలేదు బాబాయ్ గారూ," అన్నాను.

ఆట మధ్యలో ఎందుకు అడిగానో ఆయనకు అర్థమైపోయింది.

"సరేలే," అన్నారు. "ఇప్పుడు తీరికేనా? మొదట్నుంచీ చెప్తాను, విను."