చావు ఇళ్ళ సెల్లో

కోవిల్‌పట్టిలో మైక్‌సెట్టు కుళందైసామిని ఎరగనివాళ్ళు లేరు. ఎరిగినా, పొద్దున్నే ఎదురుపడితే నవ్వుతూ పలకరించేవాళ్ళు తక్కువ. మనిషి చెడ్డవాడు కాడు. పెళ్ళికీ, చెవులు కుట్టే వేడుకకీ హారన్లు కట్టినట్టే చావు ఇంటికీ కట్టేవాడు. మావైపు ఎవరైనా పోతే పందిరి కంటే ముందు మైక్‌సెట్టు రావాలి. శవం లేచేదాకా శోకం పాటలు వీధి చివరిదాకా వినబడితేనే పోయినవాళ్ళకు మర్యాద. అందరు మైక్‌సెట్టువాళ్ళూ చేసే పనే అది. ఇతని ఒక్కడి మీదే అపశకునం ముద్ర పడడానికి కారణం ఒక టేపు.

అది విరుదునగర్‌లో అంతోణి మాస్టారు ఇచ్చింది. మిషన్ బడిలో పిల్లలకు పాటలు నేర్పే ఆయన టేప్‌రికార్డర్‌ను తొంభై మూడులో కుళందైసామి బాగుచేశాడు. సరిగ్గా తిరుగుతోందా లేదా అని మాస్టారు చేతికందిన క్యాసెట్ పెట్టాడు. కుళందైసామి స్క్రూడ్రైవర్ పట్టుకునే అరగంట నిలబడిపోయాడు. మాస్టారికి ముచ్చటేసి ఆ క్యాసెట్‌కు ఒక కాపీ చేసిచ్చాడు. అది సెల్లో అనే పెద్ద ఫిడేలట. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కూర్చుని వాయిస్తారు. వాయించినాయన దేశదేశాల్లో పేరున్నవాడట. ఆయన ఒక్కడూ ఒకవైపు, ఆర్కెస్ట్రా అనే పెద్ద మేళం ఒకవైపు; ఒకళ్ళ మాటకు ఒకళ్ళు బదులిస్తున్నట్టు సాగుతుంది. పాటకు మూడు భాగాలు. మొదటిది వాదులాడుతుంది, నడిమిది ఏడుస్తుంది, చివరిది గంతులేస్తుంది. మూడూ కలిస్తేనే పాట అని మాస్టారు నొక్కి చెప్పాడు.

ఆ పాటను భార్యకు వినిపించాలని కుళందైసామికి గట్టిగా ఉండేది. చిన్నతాయి అతని అక్క కూతురే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. పెట్టెలు అంటిస్తూ సినిమా పాటలు కూనిరాగం తీసేది. తనకు నచ్చినది ఆమెకూ నచ్చుతుందా లేదా అన్నదే అతని ఆత్రం. ఆదివారం ఇద్దరూ తీరిగ్గా కూర్చుని విందామని చెప్పి ఉంచాడు.

ఆదివారం రానేలేదు. ముందురోజే ఎట్టయాపురం దారిలో నేతపని చేసే ఇంట్లో ఒక పెద్దాయన పోయాడు. సెట్టు కట్టాక శోకం పాటల టేపు మెషీన్‌లో చుట్టుకుపోయింది. వాకిలి నిండా జనం, హారన్ మూగబోయింది, పోయినాయన కొడుకులు మిర్రిమిర్రి చూస్తున్నారు. కుళందైసామి చొక్కా జేబులో ఆ క్యాసెట్ ఉంది. ఏడ్చే భాగం దాకా ముందుకు తిప్పి పెట్టేశాడు.

ఆ రోజు ఒప్పారి ఎత్తుకున్నది మా వీధి గోవిందమ్మాళే. శవం చుట్టూ కూర్చుని పోయినవాళ్ళ గుణగణాలు పాడి ఏడవడంలో చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు. అలాంటి గోవిందమ్మాళ్ సెల్లో మొదలవగానే నోరు మూసుకుని విన్నది. తర్వాత దాని వెనకాలే తన గొంతు కలిపింది. జనం గుండెలు బాదుకున్నారు. పదిమంది ఒప్పారి ఆడవాళ్ళు చేయలేనిది ఆ ఫిడేలు ఒక్కటే చేసిందని ఊరంతా చెప్పుకున్నారు.

ఇంకేముంది, వేలంవెర్రి మొదలైంది. సాత్తూరు నుంచి, తిరుత్తంగల్ నుంచి మనుషులు వచ్చి ‘ఏడుపు ఫిడేలు’ కావాలని అడిగేవాళ్ళు. టీకొట్టు నారాయణన్ ఇంకా నిక్షేపంలా తిరుగుతూనే, తన చావుకు అదే పెట్టాలని కొడుకుల దగ్గర మాట తీసుకున్నాడు. పెళ్ళివాళ్ళు మాత్రం సెట్టు దింపేముందు కుళందైసామి సంచి వెతికేవాళ్ళు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఆ టేపు గానీ తెచ్చాడేమోనని వాళ్ళ భయం.

చిన్నతాయి మంగళసూత్రం కళ్ళకద్దుకుని, ఆ టేపు గడప దాటి లోపలికి రాకూడదంది. తాళి ఉన్న ఆడది వినే పాట కాదని ఆమె తీర్పు. అతను మాస్టారు చెప్పిందంతా చెప్పి చూశాడు. చివర్లో గంతులేస్తుందని కూడా చెప్పాడు. గంతులైనా చావు గంతులే కదా అని ఆమె పెట్టెలు అంటించుకుంటూ కూర్చుంది. పోనీ సెట్టు సామాను పెట్టుకునే షెడ్డులో విందామంటే, పక్కనే ఉన్న నారాయణన్ బేరాలు పోతున్నాయని గోల. తన చావుకు పనికొచ్చేది తన టీకొట్టుకు పనికిరాకుండా పోయింది మహానుభావుడికి.

అలా ఆ పాట వినాలంటే శవం పక్కన కూర్చోవడం తప్ప అతనికి దారి లేకపోయింది. అక్కడైనా నడిమి భాగమే. అది ముగుస్తుండగానే బటన్ నొక్కి వెనక్కి తిప్పాలి. ఒకసారి బీడీ ముట్టించుకుంటూ ఏమరిస్తే మూడో భాగం తకధిమిమని మొదలైంది. పోయినాయన బావమరిది చెప్పు తీశాడు. అప్పట్నుంచి కుళందైసామి వేలు బటన్ మీదే ఉండేది. పాట ఆసాంతం విని ఏళ్ళయిందని అతను పైకి అనేవాడు కాదు. అతనికి ఆ దిగులు మాత్రం నిజంగా ఉండేది. ఇష్టమైనదాన్ని తన చేత్తోనే పాడుచేసుకున్నానని నాతో ఒకసారి అన్నాడు. నేను నవ్వేశాను.

రెండువేల నాలుగులో చిన్నతాయికి కిడ్నీలు చెడ్డాయి. విరుదునగర్ పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం ఆమెకూ తెలుసు. మధ్యాహ్నం కుళందైసామి గంజి పట్టిస్తుంటే గిన్నె పక్కకు నెట్టి, ఆ టేపు ఎక్కడుందని అడిగింది. షెడ్డులో ఉందన్నాడు.

“తీసుకరా. ఈడ పెట్టు.”

అతను కదల్లేదు. అలాంటిది ఇప్పుడు ఎందుకని గొణిగాడు.

“నేను సచ్చినంక ఎట్లయినా పెడ్తావు గదా మావా. అబ్బుడు నేనెట్ల ఇనేది? ఇబ్బుడే పెట్టు.”

టేపూ మెషీనూ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. మొదటి నుంచీ పెట్టాడు. మొదటి భాగం కాబట్టి వీధిలో ఎవరూ గుర్తుపట్టలేదు. నడిమి భాగం మొదలవడం, వీధి నిశ్శబ్దం కావడం ఒక్కసారే జరిగాయి. చిన్నతాయి పోయిందనుకున్నారు. గోవిందమ్మాళ్ జుట్టు విరబోసుకుని, ఏడుపు అందుకుని మరీ వచ్చింది. వెనకాల వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. నారాయణన్ పూలదండతో గడప దగ్గర నిలబడ్డాడు.

చిన్నతాయి దిండు మీద తల తిప్పి చూసింది.

“నేనింకా పోలేదుమా. సుమ్మా, ఊరికే పాట ఇంటా ఉండాను. కూసోండి, మాట్లాడొద్దండి.”

కూర్చున్నారు. వేరే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. నారాయణన్ దండను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. నడిమి భాగం ముగింపుకొచ్చింది. అలవాటు చొప్పున కుళందైసామి చెయ్యి బటన్ మీదికి పోయింది. చిన్నతాయి అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

మూడో భాగం మొదలైంది. సెల్లో ముందు ఉరికింది, మేళం దాన్ని తరిమింది, అది దొరక్కుండా పైపైకి ఎగిరింది. గోవిందమ్మాళ్ మోకాలి మీద చెయ్యి తనంతట తాను తాళం వేస్తోంది. చిన్నతాయి కళ్ళు మూసుకుని విన్నది. దుప్పటి కింద ఆమె బొటనవేలు కదులుతోంది. చివరన మేళమంతా ఒక్కసారిగా లేచి నిలిచింది. టేపు ఆగింది.

“ఇంత సంతోసంగా ముగిసేదాన్నా మావా, ఇన్నేండ్లు సగంలో ఆపి ఊర్నంతా ఏడిపిస్తివి?” అంది.

కుళందైసామి అందరి ముందూ ఏడ్చేశాడు.

వారం తిరక్కుండానే ఆమె పోయింది. వాకిట్లో సెట్టు కట్టిందీ, క్యాసెట్ మొదటి నుంచీ పెట్టిందీ అతనే. పెట్టాక మెషీన్ దగ్గర ఉండలేదు. లోపలికి వెళ్ళి ఆమె తల దగ్గర కూర్చున్నాడు. పాట నడిమి భాగం దాటి గంతులు అందుకుంది. ఒప్పారి ఆడవాళ్ళు ఆగి గోవిందమ్మాళ్ వైపు చూశారు. గోవిందమ్మాళ్ బయటికొచ్చి, మెషీన్‌కూ జనానికీ మధ్య నిలబడి, ఎవరినీ దాని దగ్గరికి పోనివ్వలేదు.