అమ్మ అంగిట్లో గడ్డ

1971 జనవరి, ఒక బుధవారం. పోర్ట్ బ్లెయిర్‌లో పళ్ల డాక్టరు గది. ఉన్నవారు: డాక్టరు, అమ్మ, చెల్లెలు, నేను.

చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ చేపలమ్మడం మా తీరపు ఆడవాళ్ల అలవాటు. సముద్రం దాటి వచ్చినా అమ్మ దాన్ని మానలేదు. ఆ వారం వేడి టీకి అంగిలి కాలింది. నాలుకతో తడుముకుంటే నడిమధ్య గట్టి గడ్డ తగిలింది. అడ్డపొగతో అంగిట్లో పుండు పుట్టి మా మేనత్త పోయింది. అమ్మకూ అదేననుకున్నాం.

"నన్ను ఆసుపత్రికని మద్రాసు ఓడెక్కించకురా. ఎల్తే మరి రాను," అంది అమ్మ.

డాక్టరు టార్చి వేసి, గడ్డను వేలితో నొక్కాడు.

"దర్ద్ హై, అమ్మా?"

"నొప్పి నేదు బాబూ. గుండె దడే."

పైన పుండు లేదు, చర్మం మామూలుగానే ఉంది. ఆయన ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్మును కిటికీ వెలుగులో చాలాసేపు చూశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, తననూ నోరు తెరవమన్నాడు.

"దీదీ, ఆప్ భీ ముహ్ ఖోలియే."

"నానా? నాను సుట్ట ముట్టనే లేదు, డాక్టర్ సాబ్!"

అందుకే చూడాలన్నాడు. చూసి, నన్ను పిలిచి టార్చి చేతికిచ్చాడు.

చెల్లెలి అంగిట్లోనూ అదే గట్టు, బోర్లించిన డోంగీ పడవలా. అమ్మది కాస్త పెద్దది, అంతే. అది రోగం కాదట, కొందరి కుటుంబాల్లో పెద్దయ్యాక నెమ్మదిగా పెరిగే ఎముకట. కోయక్కర్లేదు. అడ్డపొగ మాత్రం నిజంగానే పుండు తెస్తుంది, ఈ రోజే మానాలన్నాడు.

అమ్మ పాటలూ తిట్లూ అన్నీ ఆ ఎముక కిందినుంచే వచ్చాయి. ఇన్నేళ్లు ఒకే కంచం చుట్టూ కూర్చున్నాం, ఒకరి నోటి కప్పు ఒకరం చూడలేదు.

"మాయమ్మకీ ఉండుంటాది," అంది అమ్మ, మెట్లు దిగుతూ.

మర్నాడు పొద్దున్నే లంబాలైన్‌లో చెల్లెలింటికి వెళ్లాం. అమ్మ చేతులు కడుక్కుని, పసి మనవరాలి నోట్లో వేలు పెట్టింది.

"దానికప్పుడే ఎక్కడిదే అమ్మా!" అని చెల్లెలు నవ్వుతోంది.

అమ్మ చటుక్కున వేలు లాక్కుంది.

"కరిసేసినాదే దొంగముండ! పన్నొచ్చినాది, సూడు!"