విమానం రెక్కకు బొంత కుట్టు

1949 ఎండాకాలం. పోలీసు చర్య జరిగి ఏడాది కూడా కాలేదు. మర్రిగూడలో నాది దర్జీ దుకాణం. ఒక మిషన్, ఒక బల్ల, నల్లగొండ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు. విమానం రెక్కలకు కూడా బట్టే తొడుగుతారని చదివి ఊళ్లో చెబితే అందరూ నవ్వారు. నా భార్య రాములమ్మ అయితే, "గట్లయితే నీకు గిరాకీ పైనుంచే వస్తది తియ్" అంది.

అట్లాగే వచ్చింది. ఒక పొద్దున చిన్న విమానం ఊరి చుట్టూ తిరిగి, జొన్న కోసిన చేలో దిగింది. మిలిటరీ వాళ్లనుకొని జనం తలుపులు వేసుకున్నారు. నేను మాత్రం పరుగెత్తాను. నా వెనక రాములమ్మ, ఆమె వెనక గొర్లు కాసే మల్లయ్య తాత.

విమానం నడిపింది ఒక ఆడమనిషి! పేరు సుశీల. హైదరాబాదులో ఫ్లయింగ్ క్లబ్బు, అంటే సరదా కొద్దీ విమానం నడిపేవాళ్ల సంఘం, అందులో నేర్చుకుందట. వెనక సీటులో మ్యాపు పట్టుకొని ఆమె భర్త రంగారావు. తోవ తప్పి, అడుగుదామని దిగారు. గట్టు మీది తుమ్మకంప తగిలి రెక్క బట్ట మూరెడు చినిగింది.

"ఇక్కడ పెద్ద చెరువుండాలె. మ్యాపుల ఉన్నది" అన్నాడు రంగారావు.

"గా ఎండిన బయలే చెరువు సారూ. మాది కాయితం మీదనే నిండుతది" అన్నాడు మల్లయ్య తాత.

సుశీల నవ్వింది గానీ రెక్క చూడగానే ముఖం వాడిపోయింది. "ఇంత దూరం నడపడానికి క్లబ్బువాళ్లు నాకు అనుమతివ్వడం ఇదే మొదలు. విమానం ఎడ్లబండి మీద ఇల్లు చేరితే మళ్లీ నా చేతికివ్వరు."

సామాను వాళ్ల దగ్గరే ఉంది. లినెన్ గుడ్డ, దారం, డోప్ డబ్బా. డోప్ అంటే వార్నిష్ లాంటిది. పూసి ఆరనిస్తే బట్ట డప్పులా బిగుస్తుంది. రెక్క నా మిషన్ కింద పట్టదు కదా, చేత్తో నాలుగు కుట్లు వేశాను. రాములమ్మ చూసి సూది లాక్కుంది.

"బొంతలు కుట్టేది నువ్వా, నేనా? జర జరుగు."

సుశీల అంచులు కలిపి పట్టింది. ప్రతి కుట్టునూ లాగి చూసింది.

"నీ పెనిమిటికి భయం కాదా అమ్మా?" అని అడిగింది రాములమ్మ.

రంగారావే జవాబిచ్చాడు. "ఇంట్ల కూసొని భయపడుడు కంటె పక్కన కూసొని భయపడుడే నయమనిపించిందమ్మా. అందుకే మ్యాపు చూసుడు నేర్చుకున్న."

"నేర్చుకున్నాడట!" అంది సుశీల.

పైన అతుకు వేశాక రాములమ్మ తన సంచిలోంచి ఎర్రగుడ్డ తీసి, చేతి అలవాటు కొద్దీ మూలకు ముక్కోణం కుట్టేసింది. మా ఇంట్లో బొంత ముగించే పద్ధతి అది.

"ఇదేమిటమ్మా?"

"బోడిగ పోవద్దు బిడ్డా."

సుశీల పకపకా నవ్వి, దాని మీద కూడా డోప్ పూసింది. ఎండకు తొందరగానే ఆరింది. అప్పటికి జనం తలుపులు తెరిచి బయటికొచ్చి చేలో రాళ్లు ఏరారు. విమానం లేచింది. అది కనుమరుగయ్యేదాకా రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చూసింది.

తర్వాత చాలా రోజులు కబురు లేదు. ఏ చప్పుడైనా ఆమె బయటికి ఉరికేది. ఒక మధ్యాహ్నం నిజంగానే విమానం వచ్చింది. బాగా కిందికి దిగి రెక్క వంచింది. ఎర్ర ముక్కోణం కనబడింది. వెనక సీటులోంచి ఒక చెయ్యి మ్యాపు ఊపింది.

"ఊడలే! మల్ల ఇచ్చిన్రు ఆమెకు!" రాములమ్మ బజార్లోనే గంతులు వేసింది.

అప్పటిదాకా నేను చదివింది ఆమెకు చెబితే చాలుననుకునేవాణ్ణి. మనకు ఇష్టమైన దాంట్లో మనవాళ్లకు కూర్చునే జాగా, చేతికి ఒక పని దొరకాలని ఆ భార్యాభర్తలను చూశాకే తెలిసింది. ఆ సాయంత్రం విమానాల పుస్తకం తీసి పైకి చదివాను. కాజాలు కుడుతూ విన్న రాములమ్మ రెండో పేజీలోనే ఆపింది.

"ఆగు. డోప్ ఎన్నిసార్లు పూస్తరో రాయలేదేంది? రాసినాయన రెక్క ఎప్పుడన్న కుట్టిండా?"